పాత షార్ప్‌లో నాన్నగారి ప్రోగ్రాములు

ప్రశ్న: మా నాన్నగారు సర్వేయరు. ఆయన వాడిన షార్ప్ పీసీ-ఈ500 పాకెట్ కంప్యూటర్ ఇప్పటికీ పనిచేస్తోంది. అందులో ఆయన బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసుకున్న ప్రోగ్రాములున్నాయి. లాప్‌టాప్‌లోకి తెద్దామని యూఎస్‌బీ సీరియల్ బోర్డు కొని వైర్లు కలిపాను. పిచ్చి అక్షరాలు వస్తున్నాయి. కమాండ్ తప్పా?
— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: పిచ్చి అక్షరాలు వచ్చాయంటే సంతోషించండి, మిషన్ పంపుతోందన్నమాట! కమాండ్ సంగతి తర్వాత, ముందు వైరు చూద్దాం. మీ షార్ప్‌లోని 15 పిన్నుల సాకెట్ నుంచి వచ్చేది 0, 5 వోల్టుల సిగ్నలే. కానీ దాని తీరు ఆర్ఎస్-232 అనే పాత సీరియల్ పద్ధతిది, అంటే తలకిందులు. మామూలు బోర్డు ఒకటిని సున్నాగా, సున్నాని ఒకటిగా చదువుతుంది. మీ బోర్డులో ఎఫ్‌టీ232ఆర్ చిప్ ఉంటే ఎఫ్‌టీ ప్రోగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఆ సిగ్నళ్లను తిరగేయవచ్చు. అది కాకపోతే మధ్యలో సిగ్నల్‌ని తిరగేసే ఇన్వర్టర్ ఐసీ (చిన్న చిప్) పెట్టాలి. పాత 9 పిన్నుల ఆర్ఎస్-232 కేబుల్‌ని మాత్రం నేరుగా తగిలించకండి. దాంట్లో మైనస్ వోల్టేజీ కూడా ఉంటుంది, నాన్నగారి మిషన్ పోతుంది. అందుకే అప్పట్లో షార్ప్ కంపెనీ సీఈ-130టీ అనే లెవెల్ కన్వర్టర్ (వోల్టేజీలు మార్చేది) విడిగా అమ్మేది.

ఇక కమాండ్. మిషన్‌లో ఇలా కొట్టండి (అన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే): ఓపెన్ "కామ్:1200,ఎన్,8,1,ఏ,ఎల్,&హెచ్1ఏ,ఎక్స్,ఎన్". వేగం సెకనుకు 1200 బిట్లు, పారిటీ (తప్పులు పట్టే అదనపు బిట్) లేదు, 8 బిట్లు, ఒక స్టాప్ బిట్. లాప్‌టాప్‌లో టెరా టర్మ్ (సీరియల్‌గా వచ్చే అక్షరాలు చూపే సాఫ్ట్‌వేర్) తెరిచి అక్కడా ఇవే పెట్టండి. 'ఎల్' ఉంటే ప్రతి లైను చివర సీఆర్, ఎల్ఎఫ్ అనే లైను ముగింపు గుర్తులు రెండూ వెళ్తాయి. 'ఎక్స్' అంటే ఎక్స్ఆన్-ఎక్స్ఆఫ్. అవతలివాడు ఆగమంటే ఆగుతుంది. 9600 దాకా వెళ్లొచ్చు గానీ, నాలుగు పేజీల ప్రోగ్రాముకి అంత తొందరెందుకు? తర్వాత క్లోజ్ కొట్టండి, సెట్టింగులు ఎక్కడికీ పోవు. టెరా టర్మ్‌లో లాగ్ (వచ్చినదంతా ఫైల్లో రాసుకోవడం) మొదలుపెట్టి, మిషన్‌లో సేవ్ "కామ్:" కొడితే సరి.

తిరిగి ఎక్కించాలంటే లోడ్ "కామ్:". ఇక్కడే చాలామందికి టెన్షన్. ఫైలంతా వెళ్లిపోయినా మిషన్ కదలదు, హ్యాంగ్ అయిందనుకుని బ్యాటరీ పీకేస్తారు. అది ఎదురుచూస్తున్నది ఓపెన్‌లో మనమే రాసిన &హెచ్1ఏ కోసం. ఫైలు ముగిసిందని చెప్పే 26వ నంబరు అక్షరం అది. ఫైలు పంపడం అయ్యాక టెరా టర్మ్‌లో కంట్రోల్, జెడ్ కలిపి నొక్కండి, మిషన్ ఊపిరి పీల్చుకుంటుంది.

ప్రోగ్రాములన్నీ లాప్‌టాప్‌లో పడేదాకా బ్యాటరీల జోలికి వెళ్లకండి. ఫైలు వచ్చాక మిషన్‌లో లిస్ట్ కొట్టి, పక్కపక్కన పెట్టి చూసుకోండి. పై (π), వర్గమూలం (√) గుర్తులు ఆస్కీ అనే మామూలు అక్షరాల పట్టికలో లేవు కాబట్టి లాప్‌టాప్‌లో వేరే అక్షరాలుగా కనిపించవచ్చు. సర్వే లెక్కల్లో ఆ రెండూ అడుగడుగునా వస్తాయి.