పాతిక వేలలో బెల్ట్ గ్రైండర్ వస్తుందా?

మీ ప్రశ్న – మా జవాబు

ప్రశ్న: వంటింటి కత్తులు, చిన్న పనికత్తులు చేయడం నేర్చుకోవాలని ఉంది. వీడియోల్లో అందరి దగ్గరా 2×72 గ్రైండరే కనిపిస్తోంది. అంత ఖరీదు నేను పెట్టలేను. ఆన్‌లైన్‌లో 1×30 చిన్న బెల్ట్ శాండర్లు తక్కువకే వస్తున్నాయి. నా దగ్గర పాతిక వేలు ఉన్నాయి. చిన్నది కొననా, పెద్దది చేయించుకోనా?
— ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: చేయించుకోండి. 2×72 అంటే రెండంగుళాల వెడల్పు, 72 అంగుళాల చుట్టుకొలత ఉన్న గరుకు బెల్టు. మన కొలతలో 50×1830 మి.మీ. 1×30 బెల్టు 25×762 మి.మీ. రాపిడి చేసే మేర చూస్తే పెద్దది దాదాపు ఐదింతలు. అసలు తేడా వేడి దగ్గర వస్తుంది. రెండు బెల్టులూ సెకనుకు 15 మీటర్ల వేగంతో తిరుగుతున్నాయనుకోండి. చిన్న బెల్టు మీది ప్రతి రాపిడి గింజా సెకనుకు 20 సార్లు ఇనుముకు తగులుతుంది, పెద్దదాని మీది గింజ 8 సార్లే. చల్లబడే వ్యవధి లేక చిన్న బెల్టు చప్పున మొద్దుబారుతుంది. మొద్దుబారిన బెల్టు కోయదు, కాలుస్తుంది. పైగా ఆ మెషీన్లలో మోటారు చాలా చిన్నది, కాస్త గట్టిగా ఆనిస్తే ఆగిపోతుంది. పదును పెట్టడానికీ, పిడి అంచులు గుండ్రం చేయడానికీ మాత్రం అది బాగానే పనికొస్తుంది.

పాతిక వేలలో సగం దాకా మోటారు, స్టార్టరు, వైరింగ్ కోసం పక్కన పెట్టండి. తర్వాత లేత్ మీద తిప్పించే చక్రాలు, ఆ తర్వాత బెల్టులు. మిగిలిందే ఫ్రేముకు. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. లేజర్ కటింగ్ ప్లేట్లతో, రంగులతో ఫ్రేము ముచ్చటగా చేయించి, చివరికి డబ్బుల్లేక దానికి పాత కూలర్ పంపు మోటారు తగిలిస్తారు. ఇనుప కొట్లో తూకానికి దొరికే చదరపు గొట్టంతో చేసిన వికారపు ఫ్రేము మీద కూడా మంచి కత్తి వస్తుంది. వంకర చక్రం మీద రాదు.

ప్రశ్న: మోటారు ఎంత హెచ్‌పీ ఉండాలి? వీడియోల్లో 1725, 3450 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) అంటున్నారు, ఇక్కడి షాపుల్లో అలాంటివి లేవంటున్నారు. వేగం మార్చుకునే ఏర్పాటు తప్పనిసరా?
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: అవి అమెరికా లెక్కలు. అక్కడ కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. అందుకే మన దగ్గర నాలుగు పోల్స్ మోటారు సుమారు 1440, రెండు పోల్స్ మోటారు 2880 తిరుగుతాయి. వీడియోలో చెప్పిన చక్రం కొలతలే దించేస్తే మీ బెల్టు ఆరోవంతు నెమ్మదిస్తుంది.

బెల్టును తిప్పే డ్రైవ్ చక్రం వ్యాసాన్ని మీటర్లలో తీసుకుని 3.14తో, ఆర్‌పీఎంతో హెచ్చించి 60తో భాగిస్తే బెల్టు సెకనుకు ఎన్ని మీటర్లు పోతుందో తెలుస్తుంది. 2880 మోటారుకు 100 మి.మీ. చక్రం పెడితే 15 మీటర్లు. 1440 మోటారుకు అదే చక్రం పెడితే ఏడున్నర, 150 మి.మీ. చక్రం పెడితే 11 పైచిలుకు. ఒకే వేగంతో సరిపెట్టుకోవాల్సి వస్తే కొత్తవాళ్లకు మా సలహా ఈ చివరిదే: 1440 మోటారు, 150 మి.మీ. చక్రం. లోహం కాస్త నిదానంగా అరుగుతుంది. చేయి జారినప్పుడు పడే గాటు కూడా అంతే చిన్నది.

రెండంగుళాల బెల్టుకు 1 హెచ్‌పీ కనీసం. 2 హెచ్‌పీ ఉంటే ఎంత నొక్కినా తట్టుకుంటుంది. మోటారు పూర్తిగా మూసి ఉండి, వెనక ఫ్యాను ఉన్న రకమే తీసుకోండి. గాలి రంధ్రాలున్న మోటారులోకి ఇనుప రజను దూరి, వైండింగ్ మీద పేరుకుని షార్ట్ అవుతుంది. ఇనుప రజను కరెంటును మోస్తుందని మరచిపోవద్దు. షాఫ్టు కొలత చూసుకున్నాకే టర్నర్ (లేత్ పనివాడు) దగ్గరికి వెళ్లండి. 1 హెచ్‌పీ మోటార్లకు మామూలుగా 19 మి.మీ. షాఫ్టు, 6 మి.మీ. కీ (చక్రం జారకుండా షాఫ్టు గాడిలో కూర్చునే ఇనుప ముక్క) ఉంటాయి. 2 హెచ్‌పీ వాటికి 24 మి.మీ. షాఫ్టు, 8 మి.మీ. కీ. అమెరికా నుంచి తెప్పించే రెడీమేడ్ చక్రాల బోరు వీటికి సరిపోదు.

వేగం మార్చుకోవడం తప్పనిసరి కాదు, ఉంటే సుఖం. చౌకదారి స్టెప్ పుల్లీ. రెండు యూసీపీ204 బేరింగ్ బ్లాకుల మీద 20 మి.మీ. షాఫ్టు నిలబెట్టి, దాని ఒక కొసకు డ్రైవ్ చక్రం, రెండో కొసకు మూడు మెట్ల పుల్లీ వేయిస్తే, వి-బెల్టు మార్చి మూడు వేగాలు తెచ్చుకోవచ్చు. ఖరీదైన దారి త్రీ ఫేజ్ మోటారు, దాని వేగం మార్చే ఎలక్ట్రానిక్ పెట్టె వీఎఫ్‌డీ. ఇంట్లో సింగిల్ ఫేజ్ ఉన్నా సరే, 230 వోల్టులు తీసుకుని త్రీ ఫేజ్ ఇచ్చే వీఎఫ్‌డీలు దొరుకుతాయి. ఇక్కడే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. ఆ వీఎఫ్‌డీ ఇచ్చేది కూడా 230 వోల్టులే కాబట్టి, మోటారును డెల్టాగా (మూడు వైండింగులనూ త్రిభుజంలా) కలపాలి. కొనేముందు నేమ్ ప్లేటు మీద 415 వోల్టులకు స్టార్ (మూడు వైండింగుల కొసలూ ఒకచోట కలిపే) కనెక్షన్ అని ఉందో లేదో చూడండి, టెర్మినల్ బాక్సు మూత తీయించి ఆరు కొసలు బయటికి ఉన్నాయో లేదో లెక్కపెట్టండి. మూడే ఉంటే లోపలే స్టార్‌గా కట్టేశారన్న మాట, ఆ మోటారు మీ వీఎఫ్‌డీ మీద బలంగా తిరగదు. సింగిల్ ఫేజ్ కెపాసిటర్ మోటారుకు మాత్రం వీఎఫ్‌డీ తగిలించకండి. ఇక వీఎఫ్‌డీని రజను చేరని మూసిన పెట్టెలో, గ్రైండరుకు దూరంగా గోడకు బిగించండి.

మామూలు టంబ్లర్ స్విచ్ వద్దు. పొలం మోటార్లకు పెట్టే డీఓఎల్ స్టార్టర్ లాంటిది పెడితే, కరెంటు పోయి వచ్చినప్పుడు గ్రైండరు దానంతటదే లేవదు.

ప్రశ్న: ఆటోనగర్‌లో ఫ్రేము చేయించాను. డ్రైవ్ చక్రం, ట్రాకింగ్ చక్రం (బెల్టును మధ్యలో నిలిపేది), ప్లాటెన్ (బెల్టు వెనక ఆనే చదును పలక) దగ్గర రెండు చిన్న చక్రాలు అన్నీ ఉన్నాయి. కానీ బెల్టు ఒక పక్కకు పోయి ఊడిపోతోంది. ట్రాకింగ్ బోల్టు ఎంత తిప్పినా నిలవడం లేదు. అదురు కూడా ఎక్కువే.
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ముందు బెల్టు మార్చి చూడండి, మెషీను విప్పకండి. బెల్టు ప్రతి చుట్టుకూ ఒక్కసారి ఒకే వైపుకి ఊగి వెనక్కి వస్తుంటే తప్పు అతుకుది. కొట్లో రోల్ నుంచి కోసి అతికిచ్చే బెల్టుల్లో అతుకు వంకరగా పడడం మామూలే. బెల్టు లోపలి వైపు బాణం గుర్తు ఉంటే అది తిరిగే దిక్కుకే ఉందా అని చూడండి. అతుకు పైకి లేచి ఉన్నా అదురుతుంది.

రెండో బెల్టు కూడా ఊడిపోతుంటే ట్రాకింగ్ చక్రం మధ్యభాగం ఉబ్బుగా ఉందో లేదో కొలవండి. తిరిగే బెల్టు ఎప్పుడూ చక్రం మీది ఎత్తైన చోటికే ఎక్కుతుంది. ఆ గుణమే దాన్ని మధ్యలో నిలబెడుతుంది. చక్రం మధ్యలో 75 మి.మీ. ఉంటే రెండు అంచుల దగ్గర 74 ఉండాలి. సమతలంగా తిప్పించారంటే బోల్టు ఎంత తిప్పినా లాభం లేదు. ఉబ్బు మరీ ఎక్కువైతే బెల్టు నడుమ మాత్రమే ఆని అంచులు వేలాడతాయి. ప్లాటెన్ దగ్గరి రెండు చిన్న చక్రాలు మాత్రం సమతలంగానే ఉండాలి.

తర్వాత బెల్టును బిగువుగా ఉంచే స్ప్రింగు. ప్లాటెన్ లేని చోట బెల్టును బొటనవేలితో నొక్కితే లొడలొడా వంగుతోందంటే బిగువు చాలదు. (మోటారు ఆపాకే నొక్కండి.) దాని తర్వాత చక్రాల వరస: స్టీలు స్కేలును ప్లాటెన్ చక్రాలు రెండింటికీ పక్కవైపు ఆనించి, డ్రైవ్ చక్రం అదే వరసలో ఉందో లేదో చూడండి. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడాను ట్రాకింగ్ బోల్టు సర్దుతుంది. కానీ చక్రాల ఇరుసులే సమాంతరంగా లేకపోతే సర్దలేదు, వాషర్లు వేసి సరిచేయాలి.

అదురుకు కారణం తొంభై పాళ్లు డ్రైవ్ చక్రమే. టర్నర్ ముందు బోరు వేసి, పీసు తీసి తిరగేసి పట్టించి బయటి ముఖం తిప్పితే రెండింటి కేంద్రాలు కలవవు. బోరు, బయటి ముఖం ఒకే పట్టులో తిప్పమని గట్టిగా చెప్పండి. అలాగే గ్రబ్ స్క్రూ (చక్రాన్ని షాఫ్టుకు నొక్కిపట్టే చిన్న మర) ఒక్కదాన్నే నమ్ముకోకుండా కీ-వే (కీ కూర్చునే గాడి) కోయించండి. చిన్న చక్రాలు 50 మి.మీ. అయితే, బెల్టు 15 మీటర్ల వేగంలో అవి నిమిషానికి 5,700 సార్లు పైనే తిరుగుతాయి. వాటిలో 6201 బేరింగులు రెండేసి వేయండి, రెండూ రబ్బరు సీలు ఉన్నవే. రేకు మూత బేరింగులోకి రజను దూరి కొద్ది నెలల్లోనే గరగరమంటుంది. రెండు బేరింగుల లోపలి రింగుల మధ్య స్పేసరు గొట్టం లేకపోతే, ఇరుసు నట్టు బిగించగానే బేరింగులు పట్టేసి వేడెక్కుతాయి.

ప్లాటెన్‌ను మోస్తూ ముందుకూ వెనక్కీ జరిగే గొట్టం గురించి కూడా: 50×50×5 గొట్టం లోపల లెక్కకు 40 మి.మీ. ఉంటుంది కానీ 40 మి.మీ. గొట్టం అందులో దూరదు, లోపలి వెల్డు అతుకు అడ్డుపడుతుంది. 4 మి.మీ. మందం ఉన్నది తీసుకుంటే రెండు మిల్లీల సందు ఉంటుంది. అతుకు ఇంకా తగిలితే పొడవాటి ఆకురాయితో రాయండి. మిగిలిన వదులును ఎం10 బోల్టు బిగించి ఒక మూలకు నెట్టేయండి.

ప్లాటెన్ ముఖం చక్రాల కన్నా రెండు మిల్లీమీటర్లు ముందుకు ఉండాలి. మామూలు ఇనుము అయితే నడుమ గుంట పడుతుంది, అప్పుడు మీరు ఎంత నిటారుగా పట్టినా కత్తి వాలు (వెన్ను నుంచి అంచుకు దిగే ముఖం) గుండ్రంగానే వస్తుంది. అందుకే ముందు ముఖాన్ని విడిగా, మరలతో మార్చుకునేలా పెట్టండి.

ప్రశ్న: పాయనం పెట్టాక (కత్తిని ఎర్రగా కాల్చి నూనెలో ముంచి గట్టిపరిచాక) గ్రైండ్ చేస్తుంటే వాదర నీలంగా మారుతోంది. నీళ్లలో ముంచుతూనే ఉన్నాను.
— ఒక పాఠకుడు, సిద్దిపేట

జవాబు: నీలం అంటే అక్కడ 290 డిగ్రీలు దాటిందని. మీరు 200 దగ్గర టెంపర్ చేసి (పెళుసుదనం తగ్గేలా మళ్లీ వేడిచేసి) ఉంటే ఆ భాగం మెత్తబడినట్టే, నీళ్లలో ముంచినా గట్టితనం తిరిగి రాదు. నీలం సన్నటి అంచుకే పరిమితమైతే ఆ మేర అరగదీసి లోపలి గట్టి ఇనుము దాకా వెళ్లండి. లోపలికి పాకితే మళ్లీ కాల్చి పాయనం పెట్టాలి.

ముంచే సమయంలో పొరపాటు ఉంది. కత్తి పట్టుకున్న చేయి వేడిని వెన్ను దగ్గర కనిపెడుతుంది, కాలేది వాదర. సన్నటి వాదర అర క్షణంలో వేడెక్కుతుంది, అది చేతికి చేరేసరికి ఆలస్యమైపోతుంది. అందుకే ముంచి తీశాక తుడవకండి. తడి అలుగునే బెల్టుకు ఆనించండి, వాదర దగ్గరి తడి ఆరిపోతుండగానే మళ్లీ ముంచండి. గ్లవ్స్ వద్దు, వేడి తెలియకుండా చేస్తాయి, బెల్టు లాక్కుంటే వేలు కూడా పోతుంది.

ఈ దశలో కొత్త బెల్టే వాడాలి. అరిగిన 60 గ్రిట్‌తో (గ్రిట్ అంకె పెరిగేకొద్దీ గింజ సన్నం) గట్టిగా నొక్కడం కన్నా కొత్త 120 చల్లగా కోస్తుంది. ఇంకో మాట, పాయనానికి ముందే సగం పని అయిపోవాలి. వాదర దగ్గర ఒక మిల్లీమీటరు దాకా మందం ఉంచి మిగతా వాలు అప్పుడే తీసేయండి. అంతకన్నా సన్నం చేస్తే నూనెలో ముంచినప్పుడు వంకరపోతుంది. వాదర వచ్చే అంచు మీద నడిమి గీత కోసం పలక మందానికి సరిపోయే డ్రిల్ బిట్ తీసుకోండి, 4 మి.మీ. పలకకు 4 మి.మీ. బిట్టు. మార్కరుతో నల్లగా పూసిన అంచునూ బిట్టునూ బల్ల మీద పడుకోబెట్టి మొనతో గీస్తే గీత సరిగ్గా నడుమ పడుతుంది. దాన్ని తిరగేసి కూడా గీయండి, రెండు గీతలూ కలిసిపోతే సరే.

మొదటి రెండు మూడు కత్తులకు 60 గ్రిట్ బెల్టులు నాలుగు, 120వి రెండు, 240వి రెండు ఉంటే సరిపోతుంది. మొరటు పనికి జిర్కోనియా లేదా సిరామిక్ గింజల బెల్టులు కొనండి. మామూలు అల్యూమినియం ఆక్సైడ్ బెల్టు 120 పైన చాలు.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. ఈ మెషీను కావాలని పట్టుబట్టాడు. ప్రమాదమా? కత్తులు చేయడం నేరం కాదు కదా?
— ఒక తల్లి, ఒంగోలు

జవాబు: మొదటి కత్తి ఆకురాయితో చేయించండమ్మా. 12 అంగుళాల బాస్టర్డ్ (కాస్త మొరటు పళ్ల) ఆకురాయి, సి-క్లాంపులు, ఒక పలక చాలు. అది పూర్తి చేసేంత ఓపిక ఉంటే మెషీను ఇవ్వొచ్చు. మెషీను వచ్చాక కళ్లద్దాలు, ఎన్95 మాస్కు రెండూ ఉండాలి. ముక్కుకు తువ్వాలు చుట్టుకుంటే సన్నటి రజను ఆగదు. లుంగీ, వేలాడే మెడ తాడు, పొడుగు చేతుల వదులు చొక్కా వద్దు. బెల్టు కింద నీళ్ల బకెట్ పెడితే నిప్పురవ్వలు అందులో పడతాయి. పిడి చెక్కను రాసిన పొట్టు తీసేయకుండా ఇనుము రాస్తే అది రాజుకుంటుంది. ఎర్త్ సరిగా ఉన్న 16 ఆంపియర్ల ప్లగ్గు, దానికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్) పెట్టించండి.

చట్టం సంగతి: 1959 ఆయుధాల చట్టం కింది నిబంధనల్లో 9 అంగుళాల కన్నా పొడవు లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు అలుగు ఉన్న కత్తులు, బాకులు, తల్వార్లు ఆయుధాల కిందికి వస్తాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి, పరిశ్రమకు ఉద్దేశించిన కత్తులకు ఆ కొలతల నుంచి మినహాయింపు ఉంది. ఆరంగుళాల కూరగాయల కత్తితో మొదలుపెట్టించండి, బాకుల జోలికి పోనివ్వకండి.

ప్రశ్న: అమెరికాలో ఉన్న తమ్ముడు వచ్చేటప్పుడు గ్రైండర్ తెస్తానంటున్నాడు. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వాడుకోవచ్చా?
— ఒక పాఠకుడు, తణుకు

జవాబు: వద్దనండి. ట్రాన్స్‌ఫార్మర్ 230ని 120 చేస్తుంది కానీ 50 హెర్ట్జ్‌ను 60 చేయలేదు. ఇండక్షన్ మోటారు నెమ్మదిగా తిరుగుతుంది, పైగా వేడెక్కుతుంది. బరువు కూడా అనవసరం. దాని బదులు 2×72 సిరామిక్ బెల్టులు, ప్లాటెన్‌కు అతికించే సిరామిక్ గ్లాసు ముక్క తెమ్మనండి. బెల్టులను మడత పెట్టకుండా చుట్టగా చుట్టమనండి, మడత పడిన చోట బెల్టు తెగుతుంది. వచ్చాక తేమ తగలని చోట పెద్ద గొట్టానికి వేలాడదీయండి.