శోషరసంలో శోష ఏమిటి?

సందేహం: మా బావమరిది కొడుకుకు ఆరేళ్లు. బర్కిట్ లింఫోమా అని తేల్చారు. పేపర్లో దాన్నే ‘శోషరస గ్రంధుల రాచపుండు’ అని రాశారు. శోష వచ్చి పడిపోవడం తెలుసు. ఈ శోషరసం ఏమిటి? అది ఎండిపోతే వచ్చే జబ్బా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

సమాధానం: ఏదీ ఎండిపోదు. మీ టెన్షన్‌కు కారణం ‘శుష్’ ధాతువు. దానికి ఎండడమనే అర్థం. శుష్కం, కంఠశోష ఆ ఇంటివే. మన్మథుడి బాణాల్లో శోషణం ఒకటి, తగిలినవాడు చిక్కి సగమవుతాడు. అమరకోశం ‘క్షయః శోషశ్చ యక్ష్మా చ’ అంటూ శోషను ఏకంగా క్షయరోగానికే పేరుగా చెప్పింది. ఒళ్లు ఎండి, సత్తువ పోయి, చివరికి కళ్లు తిరిగి పడిపోవడం దాకా వచ్చింది మన శోష. మా బమ్మెర పోతన్న మాత్రం గజేంద్రుడి నోట ‘మూర్ఛ వచ్చె, దనువున్ డస్సెన్’ అనిపించాడు. డస్సిపోవడమనే ఆ చక్కని మాటను మనం ‘టయర్డ్’ కింద పూడ్చిపెట్టాం.

శోషించడానికి పీల్చుకోవడమనే అర్థమూ ఉంది. కణాల మధ్య మిగిలిన నీరు సన్నని నాళాల్లోకి చేరి మళ్లీ రక్తంలో కలుస్తుంది. పాఠ్యపుస్తకాలవారు ఆ నీటికి శోషరసమని పేరు పెట్టింది అందుకే కాబోలు. దాని దారిలో ఉండే గ్రంథులు వాస్తే మనవాళ్లు ‘బిళ్ళ కట్టింది’ అంటారు.

ఇక జబ్బు. ఉగాండాలో పనిచేసిన డెనిస్ బర్కిట్ అనే సర్జన్ పిల్లల దవడ గడ్డల గురించి 1958లో రాశాడు. 1964లో ఆ కణాల్లో ఎప్‌స్టీన్-బార్ వైరస్ దొరికింది. ఆ వైరస్ లోకంలో చాలామంది ఒంట్లో ఉంటుంది, అందరికీ ఈ జబ్బు రాదు. ఆఫ్రికాలో మాటిమాటికీ వచ్చే మలేరియా దానికి తోడైంది. మలేరియా అంతగా లేనిచోట కడుపులో గడ్డగా మొదలయ్యే రకం ఎక్కువ, అందులో చాలాసార్లు వైరసే కనబడదు. రెంటిలోనూ మిక్ అనే జన్యువు చోటు తప్పి, కణాన్ని ఆగకుండా చీలుస్తుంది. గడ్డ ఒకటి రెండు రోజుల్లోనే రెట్టింపు కాగలదు. అందుకే డాక్టర్లు అంత తొందర పెడతారు. కీమోకు బాగా లొంగే జబ్బు కూడా ఇదే. అంటుకోదు, తల్లిదండ్రుల తప్పూ కాదు.

రాచపుండంటే పెద్ద పుండని. ఇక్కడ పుండే లేదు, ఆ మాట వద్దు. శోషరసం తప్పని అనలేను, పుస్తకాల్లో పాతుకుపోయింది. ఇంట్లో మాత్రం ‘లింఫ్ గ్రంథుల క్యాన్సర్’ అనుకోండి. పేపర్లవారు ఏ పేరైనా పెట్టుకోనీ, గ్రంథిలో థ కడుపులోని చుక్క తీసేసి ‘గ్రంధి’ చేసే అలవాటు మానితే చాలు. థ వేరు, ధ వేరు.