ఆవు కీలులో ఎముక పెరిగింది, దూడ ఎక్స్-రేలో ఏమీ లేదు: దేనికి భయపడాలి?

ప్రశ్న: మా 9 ఏళ్ల హెచ్‌ఎఫ్ సంకర ఆవు నాలుగు నెలలుగా వెనుక కుడికాలు కుంటుతోంది. దాని 12 రోజుల దూడకు ముందుకాలి మోకాలు మూడు రోజులుగా వాచింది, బొడ్డు కూడా లావైంది. రెండింటికీ ఎక్స్-రే తీయించాను. ఆవుకు ఎముక పెరిగిందన్నారు. దూడ ఎముకలో ఏమీ లేదన్నారు గానీ మోకాలి పైన సన్నని నల్లగీత కనిపిస్తోంది. మా అమ్మకున్న కీళ్లవాతమే ఆవుకూ వచ్చిందా?
– ఒక పాడి రైతు, పలమనేరు మండలం, చిత్తూరు జిల్లా

జవాబు: మీరు ఆవు కోసం కంగారు పడుతున్నారు. నా కంగారంతా దూడ గురించే.

ఆ నల్లగీత ఎముక విరిగిన గుర్తు కాదు. ఎముక పొడవు పెరిగే చోట ఉండే మృదులాస్థి అది. లేత దూడలన్నింటికీ కనిపిస్తుంది. అసలు చిక్కు ‘ఏమీ లేదు’ అన్న మాటతోనే. ఎక్స్-రే ముఖ్యంగా చూపేది ఎముకలోని సున్నాన్ని (కాల్షియాన్ని). నీరు, చీము అందులో ఒకే బూడిద రంగులో కలిసిపోతాయి. సున్నం 30 నుంచి 50 శాతం దాకా తరిగితే గానీ ఫిల్ములో గుంట తేలదు. అందుకు రెండు వారాలు పట్టవచ్చు. ఎముక అంచులు ఎలుక కొరికినట్లు కనబడే నాటికి కీలు చాలావరకు పాడైనట్లే. మీ దూడ ఫిల్ములో వాపు నీడ, కాస్త వెడల్పైన కీలు సందు ఉన్నాయి. బొడ్డు వాపునూ కలిపి చూస్తే, బొడ్డు నుంచి సూక్ష్మజీవులు రక్తంలోకి చేరి కీలులో చీము పట్టిస్తున్నాయనే అనుమానించాలి.

దీన్ని తేల్చడానికి అల్ట్రాసౌండ్ స్కానింగు ఎక్స్-రే కంటే ముందే పనికొస్తుంది. కీలులో చేరిన ద్రవాన్ని, అందులో తేలే పెచ్చులను చూపిస్తుంది. ఆపై సూదితో ద్రవం తీసి చూస్తారు. ఆరోగ్యమైన ద్రవం లేత పసుపుగా, తేటగా ఉండి వేళ్ల మధ్య తీగలా సాగుతుంది. చీము పడితే మబ్బుగా, నీళ్లలా పలచబడుతుంది. అప్పుడు కీలును సెలైన్‌తో కడిగి, యాంటీబయాటిక్స్ మొదలుపెడతారు. ఈలోగా నూనె మర్దన, వాతలు, వాపు కోయడం వద్దు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ అసలే వద్దు; వాపు తగ్గినట్లు కనిపిస్తూనే లోపల చీము ముదురుతుంది.

ఇక ఆవు. మడమ కీలు అంచుల్లో ముల్లులా పెరిగిన ఎముక, ఇరుకైన సందు, దాని పక్కనే గట్టిపడి మరీ తెల్లగా కనిపిస్తున్న ఎముక. కొరికిన గుంటలు మాత్రం లేవు. ఇది వయసుతో, సిమెంటు నేలతో వచ్చిన అరుగుదల. పెరిగిన ఎముక వెనక్కి పోదు. రబ్బరు చాపలు పరిచి, గిట్టలు చెక్కించి, డాక్టరు చెప్పినప్పుడు మెలోక్సికామ్ అనే నొప్పి మందు వాడితే నొప్పి అదుపులో ఉంటుంది. డైక్లోఫెనాక్ అనే మరో నొప్పి మందు ఎవరైనా ఇస్తామంటే వద్దనండి. అది వాడిన పశువుల కళేబరాలు తిన్న రాబందుల చావుకు కారణమైనందుకు పశువులకు దాని వాడకాన్ని 2006లోనే నిషేధించారు.

అమ్మగారిది ఏ రకమో మీరు రాయలేదు. మోకాళ్ల అరుగుదలైతే ఆవుదీ ఆమెదీ ఒకే తీరు. రెండు చేతుల వేళ్ల కణుపులూ వాచి, పొద్దున్నే బిగుసుకుపోతుంటే అది రుమటాయిడ్ (ఒంటి రక్షణ వ్యవస్థే కీళ్లపై దాడి చేసే వాతం) కావచ్చు. అందులో కణుపుల దగ్గర ఎముక పలచబడి, అంచులు తినేసినట్లుంటాయి. ఆమెను కీళ్ల వైద్యులకు చూపించండి.

దూడను రేపే తిరుపతి పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకురండి. ఫోనులోని ఫొటో చాలదు, ఫిల్ములు వెంట తెండి. ఆటోలో గడ్డి మందంగా పరచండి. ఆవును వచ్చే వారం చూసుకోవచ్చు.