పిడుగు పడిన మనిషిని ముట్టుకోవచ్చా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా ఉదయగిరి ప్రాంతంలోని పల్లె. నెల కిందట మా అన్న (42) గొర్రెలు మేపుతుండగా వాన మొదలై, జీవాలతో సహా చింతచెట్టు కిందికి చేరాడు. చెట్టుపై పిడుగు పడి నాలుగు గొర్రెలు చనిపోయాయి, అన్న స్పృహ తప్పాడు. ఒంట్లో కరెంటు ఉంటుందని ఎవరూ ముట్టుకోలేదు. కాసేపటికి తనే తేరుకున్నాడు. ఇప్పుడు ఎడమ చెవిలో హోరు, అరికాళ్లలో తిమ్మిర్లు ఉన్నాయి, నిద్ర పట్టడం లేదు. ఏం చేయాలి?

జవాబు: మీ అన్నగారు ప్రాణాలతో బయటపడటం ఊరట కలిగించింది. అయితే ఆయనను ఎవరూ ముట్టుకోలేదన్న మాట నన్ను ఎక్కువగా బాధించింది. తెగిపడిన తీగను పట్టుకున్న మనిషిలో కరెంటు ప్రవహిస్తూనే ఉంటుంది కానీ, పిడుగు రెప్పపాటులో భూమిలోకి దిగిపోతుంది, ఒంట్లో ఏమీ మిగలదు. అందువల్ల వెంటనే ముట్టుకోవచ్చు, ముట్టుకోవాలి కూడా. పిడుగుపాటుకు గుండె, ఊపిరి రెండూ ఆగిపోవచ్చు. గుండె తనంతట తానే మళ్లీ కొట్టుకున్నా, ఊపిరి తిరిగి రాకపోతే ప్రాణవాయువు అందక అది రెండోసారి ఆగుతుంది. పిలిచినా పలకక, ఊపిరి ఆడకుండా ఉంటే ఒకరు 108కి ఫోన్ చేయాలి. మరొకరు ఆ మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ మధ్యలో రెండు అరచేతులతో సుమారు 5 సెంటీమీటర్లు దిగేలా నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ, అంబులెన్సు వచ్చేదాకా ఆపకుండా కొనసాగించాలి. పేడ పూయడం, మట్టిలో కప్పడం వంటి వాటితో ఆ విలువైన నిమిషాలు పోగొట్టుకోవద్దు.

ఇక ఆయన బాధల విషయం. పిడుగు పేలుడుకు కర్ణభేరి చిరగడం తరచుగా చూస్తాం కనుక చెవి డాక్టరుకు చూపించండి, అప్పటిదాకా చెవిలో నూనె పోయవద్దు. తిమ్మిర్లు, నిద్రలేమి నరాల మీద పడిన దెబ్బకు సంబంధించినవి కావచ్చు, వాటిని భయం అని కొట్టిపారేయకండి. ఒకసారి ఈసీజీ తీయించండి. కొందరికి నెలల తరువాత కంట్లో శుక్లం వస్తుంది కాబట్టి చూపు మసకబారితే ఆలస్యం చేయవద్దు.

గొర్రెలు ఎందుకు చనిపోయాయో కూడా చెప్పాలి. చెట్టు మీద పడిన పిడుగు వేళ్ల చుట్టూ నేలలో పాకుతుంది. ముందు కాళ్లకూ వెనుక కాళ్లకూ మధ్య దూరం ఎక్కువ కనుక ఆ విద్యుత్తు జీవాల ఒంటి గుండా పోతుంది. కాండం నుంచి పక్కనున్న మనిషి మీదికీ దూకుతుంది. కాబట్టి చెట్టు నీడ వానకు ఆసరా అవుతుందేమో కానీ, పిడుగుకు కాదు. మెరుపు తరువాత 30 సెకన్లలోపు ఉరుము వినబడితే పిడుగు 10 కిలోమీటర్లలోపే ఉన్నట్లు. ఉరుములప్పుడు ‘అర్జునా, ఫల్గుణా’ అనుకోవడం మన అలవాటు, అనుకోండి, కానీ పక్కా భవనం వైపు నడుస్తూ అనుకోండి. చివరి ఉరుము తరువాత 30 నిమిషాల దాకా బయటకు రావద్దు.

మందను వదిలి రావడం కాపరికి ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే ఏప్రిల్, మే నెలల్లో ఫోన్‌లో పిడుగు ముప్పును కాసేపటి ముందు హెచ్చరించే దామిని యాప్ తరచూ చూసుకుంటూ, మధ్యాహ్నం మేపు బడికో, పక్కా ఇళ్లకో దగ్గరలో ఉండేలా ముందే నిర్ణయించుకోమని అన్నగారికి చెప్పండి.