బ్యాండు ఊడిన సిగార్లను గుర్తుపట్టేదెలా?

ప్రశ్న: మా మావయ్యగారు విదేశాల నుంచి తెచ్చి దాచిన సిగార్లు అరవై దాకా ఒకే చెక్కపెట్టెలో ఉన్నాయి. కొన్నిటికి కాగితపు బ్యాండ్లు ఊడిపోయాయి. లంక పొగాకు చుట్టలూ వాటిలోనే కలిసిపోయాయి. జాబితా రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలండీ? — ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: ముందు చుట్టలను వేరుచెయ్యండి. చేత్తో చేసిన మంచి సిగారుకు నోట పెట్టుకునే కొసన ఆకుముక్కతో అతికిన టోపీ ఉంటుంది. అది కోస్తేగానీ పొగ రాదు. మన చుట్టకు ఆ టోపీ ఉండదు. లంక పొగాకు ఘాటు పక్కవాటికి పట్టేస్తుంది కాబట్టి చుట్టలకు వేరే డబ్బా పెట్టండి.

తర్వాత పేర్ల జోలికి పోకుండా ఒక్కోదానికి ఒక్కో నంబరు ఇవ్వండి. చీటీ మీద పెన్సిలుతో నంబరు రాసి, నూలుదారంతో వదులుగా కట్టండి. స్టిక్కరు మాత్రం వద్దు, పీకేటప్పుడు పై ఆకు చిరుగుతుంది.

ఇక కొలతలు. అసలు పని ఇదే. పొడవు మిల్లీమీటర్లలో రాయండి. లావుకు సన్నని కాగితపు పట్టీని నడుముకు చుట్టి, చుట్టుకొలతను మిల్లీమీటర్లలోనే తీసుకుని 0.8తో గుణించండి. వచ్చే అంకెను రింగ్ గేజ్ అంటారు. అంటే సిగారు అడ్డకొలత అంగుళంలో ఎన్ని 64వ వంతులో అన్నమాట. వెర్నియర్‌తో నొక్కి కొలిస్తే మెత్తని సిగారు తక్కువ చూపిస్తుంది.

బ్యాండు ఉన్నా ఈ కొలతలు ఎందుకంటే, క్యూబా మాంటెక్రిస్టో బ్రాండులో నంబర్ 1 నుంచి నంబర్ 5 వరకూ రకాలన్నిటికీ ఒకే బ్యాండు. 165 మి.మీ. పొడవు, 42 గేజ్ ఉంటే నంబర్ 1. అదే 42 గేజ్‌లో 142 ఉంటే నంబర్ 3, 129 ఉంటే నంబర్ 4. నంబర్ 5 పొడవు 102, గేజ్ 40. కొస సూదిగా ఉండి 156, 52 వస్తే నంబర్ 2. బాగా ఎండిన సిగారు కుంచించుకుపోతుంది కాబట్టి కొలత కాస్త తగ్గినా కంగారుపడకండి.

పేరు ఒకటే అయినా దేశం వేరు కావచ్చు. 1960లో క్యూబా ఫ్యాక్టరీలను జాతీయం చేశాక పాత యజమానులు కొందరు అవే పేర్లతో బయటి దేశాల్లో తయారీ మొదలుపెట్టారు. అందుకే రోమియో ఇ హులియెటా, పార్టగాస్ పేర్లు క్యూబా సరుకు మీదా, డొమినికన్ సరుకు మీదా కనిపిస్తాయి. క్యూబా సరుకును సూచించే ‘హబానా’ (హవానా) అనే మాట బ్యాండు మీద ఉందో లేదో చూసి, ఆ ముక్క కూడా రాసుకోండి.

అసలు పెట్టెలేమైనా మిగిలితే అడుగున ముద్రలు చూడండి. ‘తోతల్మెంతె ఆ మానో’ (స్పానిష్‌లో ‘పూర్తిగా చేత్తో’) అని ఉంటే 1989 తర్వాతిది. ‘హబానోస్ ఎస్.ఏ.’ (క్యూబా సిగార్లు అమ్మే సంస్థ) అని ఉంటే 1994 తర్వాతిది. అయితే ఆ ముద్ర పెట్టెకే సాక్ష్యం. ఖాళీ పెట్టెలో వేరేవి సర్దడం మామూలే. కొలతా బ్యాండూ రెండూ కుదరకపోతే ‘తెలియదు’ అనే రాయండి. ఊహించి రాసిన పేరు జాబితా మొత్తాన్ని చెడగొడుతుంది.

ప్రశ్న: కొన్ని సిగార్లకు సూదిమొనంత బెజ్జాలు పడ్డాయి. ఎండలో పెట్టవచ్చా? — ఒక పాఠకురాలు, రావులపాలెం

జవాబు: వద్దమ్మా, ఎండకు పై ఆకు పగులుతుంది. అది పొగాకు పురుగు పని. 25 డిగ్రీలు దాటిన ఉక్కలో గుడ్లు పొదుగుతాయి. సిగార్లను గాలి తీసిన కవర్లో పెట్టి ఒకరోజు ఫ్రిజ్‌లో, వారం ఫ్రీజర్లో, మళ్లీ ఒకరోజు ఫ్రిజ్‌లో ఉంచండి. బయటికి తీశాక, చల్లదనం పూర్తిగా పోయేవరకు కవరు విప్పకండి. విప్పితే ఆకు మీద చెమ్మ పడుతుంది. తర్వాత గాలి చొరబడని డబ్బాలో 65 నుంచి 70 శాతం తేమ ఉండేలా దాచండి. బీరువాలో పెడితే కలరా ఉండలు తీసెయ్యండి, ఆ వాసన పట్టిందంటే వదలదు.