షంట్ ఆపరేషన్ అయ్యాక మళ్లీ సీటీ ఎందుకు?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా అబ్బాయికి 19 ఏళ్లు. చిన్నప్పటి నుంచి రక్తం వాంతులయ్యేవి. కాలేయానికి రక్తం తీసుకెళ్లే పోర్టల్ సిర మూసుకుపోయిందని రెండేళ్ల క్రితం సీటీ తీసి, ప్లీహం తొలగించి షంట్ ఆపరేషన్ (ప్లీహం సిరను ఎడమ కిడ్నీ సిరకు కలిపి రక్తానికి వేరే దారి చేయడం) చేశారు. ఇప్పుడు డాప్లర్‌లో (రక్తప్రవాహం చూసే అల్ట్రాసౌండ్ స్కాన్) షంట్ సరిగా కనబడలేదని మళ్లీ సీటీ రాశారు. రేడియేషన్ అంటే భయంగా ఉంది. తీయించక తప్పదా? కొబ్బరి బస్తాలు మోసి నడుం నొప్పి వస్తే ఆర్‌ఎంపీ ఇచ్చిన మాత్రలు వాడుతున్నాడు. నాలుగు రోజులుగా విరేచనం నల్లగా అవుతోంది. ఐరన్ మాత్రలు కూడా వేసుకుంటున్నాడు, వాటి వల్లేనంటారా?

జవాబు: సీటీ సంగతి తర్వాత. మీరు చివర్లో రాసిన మాటే నాకు టెన్షన్‌గా ఉంది. ఐరన్‌తో విరేచనం నల్లబడే మాట నిజమే. కానీ తారులా జిగటగా, దుర్వాసనతో అవుతున్నా, కళ్లు తిరుగుతున్నా లోపల రక్తం కారుతోందేమోనని అనుమానించాలి. చూడకుండా నేను తేల్చి చెప్పలేను. అందుకే ఇది చదవగానే కాకినాడో రాజమండ్రో, ఎండోస్కోపీ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. రక్తం వాంతయితే 108కి ఫోన్ చేయండి.

ఆ నొప్పి మాత్రలు ఇవాళే ఆపేయండి. స్ట్రిప్ పారేయకుండా డాక్టర్‌కు చూపించండి. నడుం నొప్పికి ఊళ్లలో ఎక్కువగా ఇచ్చేవి డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివే. అవి పొట్టలో పుండ్లు చేస్తాయి, కిడ్నీని దెబ్బతీస్తాయి. పోర్టల్ సిర మూసుకుపోయి ఆహారనాళంలో, పొట్టలో సిరలు ఉబ్బినవాళ్లకు రక్తస్రావం తెచ్చిపెడతాయి. గ్యాస్ మాత్ర కలిపి వేసుకుంటున్నాం కదా అంటారు చాలామంది. ఉబ్బిన సిర చిట్లితే గ్యాస్ మాత్ర ఆపలేదు. ఇంత పెద్ద ఆపరేషన్ చేయించుకున్న పిల్లాడికి ఎవరు ఏ మాత్ర ఇస్తున్నారో మీరు కనిపెట్టుకుని ఉండాలి కదండీ! నాలుగు రోజులు ఆగడం కూడా తప్పే.

ఇక సీటీ. ఆపరేషన్‌కు ముందు ప్లీహం సిర ఎంత లావుంది, ఎడమ కిడ్నీ సిర ఎటుగా పోతోంది అని చూస్తారు. కొందరిలో అది బృహద్ధమని వెనక నుంచి వెళుతుంది. సర్జన్‌కు ఆ సంగతి ముందే తెలియాలి. ఇప్పుడు చూడాల్సింది వేరు. ఆ రెండు సిరలనూ కలిపిన చోట దారి తెరిచే ఉందా, రక్తం గడ్డకట్టి మూసుకుందా అని. పేగుల్లో గ్యాస్ అడ్డొస్తే డాప్లర్‌లో అది కనబడదు. కుర్రాడు కాబట్టి ఊరికే పదేపదే సీటీ తీయించకూడదు, నిజమే. మీవాడి విషయంలో మాత్రం కారణం గట్టిగానే ఉంది. అయినా చివరి నిర్ణయం ఆపరేషన్ చేసిన సర్జన్‌దే.

ముందుగా కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించండి. సిరలు కనబడేందుకు సీటీలో ఎక్కించే కాంట్రాస్ట్ మందు ఇదివరకు పడక అలర్జీ వచ్చి ఉంటే చెప్పండి. స్కానింగ్ వాళ్లకు షంట్ కేసని చెప్పి పాత సీడీ, ఆపరేషన్ కాగితాలు ఇవ్వండి. కాంట్రాస్ట్ ఎక్కించాక సుమారు 60-70 సెకన్లకు ఈ సిరలు బాగా కనబడతాయి. ఆ సమయానికి తీస్తేనే ఉపయోగం.

మీరు అడగలేదు గానీ, ప్లీహం తీసేసినవాళ్లకు ఇన్‌ఫెక్షన్ గంటల్లో ముదరవచ్చు. జ్వరం వస్తే మెడికల్ షాపు మాత్రతో సరిపెట్టకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. న్యుమోనియా లాంటి ఇన్‌ఫెక్షన్లు రాకుండా వేసే న్యుమోకాకల్ టీకాలు వేశారో లేదో డిశ్చార్జి కాగితాల్లో చూడండి.