స్టీరింగ్ ముచ్చట్లు: కొండ మీదకి కారు పందెం

పోయిన నెల ఈ శీర్షికలో ఇంగ్లండు వూస్టర్‌షైర్‌లో కార్ల పందేలు జరిగే షెల్స్‌లీ వాల్ష్ కొండ గురించి రెండు ముక్కలు రాశాను. దాని మీద వచ్చినన్ని ప్రశ్నలు నాకు మైలేజీ మీద కూడా ఎప్పుడూ రాలేదు. అందుకని ఈసారి సర్వీసింగ్ ప్రశ్నలన్నీ పక్కన పెట్టి వీటికే జవాబులిస్తున్నాను. సర్వీసింగ్ వాళ్లు ఏమీ అనుకోకండి, వచ్చే నెల మీదే.

రెడింగ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. సెకండ్ హ్యాండ్‌లో కొన్న సుజుకీ స్విఫ్ట్ స్పోర్ట్ ఉంది. హిల్‌క్లైంబ్‌కి వెళ్లాలంటే రేసు కారే కావాలా? అసలు ఎక్కడ మొదలుపెట్టాలి?
— కె.ఎస్., రెడింగ్

రేసు కారు అక్కర్లేదండీ. మీ స్విఫ్ట్ చాలు. పొద్దున దాంట్లోనే వెళ్లి, పోటీ చేసి, సాయంత్రం దాంట్లోనే ఇంటికి రావచ్చు. వస్తూ వస్తూ కూరగాయలు కూడా తెచ్చుకోవచ్చు.

ముందు ఆట ఏమిటో చెప్తాను. హిల్‌క్లైంబ్ అంటే సన్నటి ప్రైవేటు రోడ్డు మీద ఒక్కో కారూ విడివిడిగా కొండెక్కడం. పక్కన ఇంకో కారు ఉండదు, పోటీ గడియారంతోనే. స్ప్రింట్ కూడా అలాంటిదే, కాకపోతే కొండ బదులు రేస్ ట్రాకు మీదో పాత విమానాల రన్‌వే మీదో జరుగుతుంది. మామూలుగా పొద్దున రెండు ప్రాక్టీసు రన్‌లు, మధ్యాహ్నం రెండు టైమ్ కట్టే రన్‌లు ఇస్తారు. రెండిట్లో మెరుగైనదే మీ లెక్క.

షెల్స్‌లీలో 1905 నుంచి అదే కొండ, అదే రోడ్డు. పొడవు 1000 గజాలు. 1930లో హాన్స్ స్టక్ ఆస్ట్రో-డైమ్లర్ రేసు కారుతో 42.8 సెకన్లలో ఎక్కితే అప్పట్లో అది రికార్డు. ఇవాళ మీ స్విఫ్ట్ లాంటి కారు, నడిపేవాడికి కాస్త చెయ్యి తిరిగితే చాలు, అంతకంటే ముందే పైకి చేరుతుంది. రేసు కార్ల రికార్డులైతే ఇప్పుడు 22 సెకన్ల దగ్గర ఉన్నాయి. వాటి జోలి మనకెందుకు?

మీ పోటీ మీ క్లాసు వాళ్లతోనే. రోడ్డు కార్లకు వేరే క్లాసులుంటాయి. చాలా చోట్ల 1400 సీసీ లోపు, 1400 నుంచి 2000, ఆ పైన అని ఇంజన్‌ని బట్టి విడగొడతారు. టర్బో ఉంటే సీసీని 1.4తో హెచ్చిస్తారు. మీది పాత 1586 సీసీ స్విఫ్టయినా, కొత్త 1373 సీసీ టర్బో అయినా (లెక్క కడితే 1922) మధ్య క్లాసులోనే పడతారు. ఫోర్డ్ వాళ్ల 999 సీసీ టర్బో ఫియెస్టా లెక్క వేసి చూడండి, 1398.6 వస్తుంది. 1400 గీతకి వెంట్రుకవాసి లోపల! ఆ కారున్నవాళ్లు ఆ క్లాసులో ఎందుకు నవ్వుతూ కనిపిస్తారో ఇప్పుడర్థమైందా?

కాగితాల సంగతి. ఈ ఆటలన్నిటికీ ఇక్కడ పైనున్న సంస్థ మోటార్‌స్పోర్ట్ యూకే. దాని ఆర్‌ఎస్ క్లబ్‌మ్యాన్ లైసెన్సు ఆన్‌లైన్‌లో ఉచితంగా వస్తుంది. చిన్న స్థాయి ఈవెంట్లకు అది సరిపోతుంది. ఇంటర్‌క్లబ్ స్థాయి వాటికి డబ్బు కట్టి ఆర్‌ఎస్ ఇంటర్‌క్లబ్ తీసుకోవాలి. దానితోపాటు ఈవెంట్‌కి ఆహ్వానమున్న ఏదో ఒక కార్ల క్లబ్బులో సభ్యత్వం ఉండాలి. ఎంట్రీ ఫీజు వంద పౌండ్ల పైనే, పేరున్న కొండలకి రెండొందల దాకా కూడా పోతుంది. నిమిషం పట్టని రన్‌లు నాలుగింటికి ఇంతా అని మీ ఇంట్లో అడుగుతారు. ఆ ప్రశ్నకి నా దగ్గర కూడా మంచి జవాబు లేదు.

ప్రతి ఈవెంట్‌కీ విడిగా నిబంధనల పత్రం వస్తుంది, ఎస్‌ఆర్‌లు అంటారు. పది పేజీలే కదా అని వదిలెయ్యకండి. మీ క్లాసుకి ఏ టైర్లు ఒప్పుకుంటారో, ఏ బట్టలు తప్పనిసరో అందులోనే ఉంటుంది. కొండ మీద తప్పు చేస్తే రోడ్డు పక్కనే చెట్టో గట్టో ఉంటుంది. అందుకే కొత్తవాళ్లకి నా సలహా, మొదట లిచ్‌ఫీల్డ్ దగ్గరి కర్బరో లాంటి చోట స్ప్రింట్ చేసి ఆ తర్వాత కొండకి రండి. కర్బరోలో రోడ్డు తప్పితే చాలావరకు గడ్డిలోకే వెళ్తారు. పరువు పోతుందంతే.

హైదరాబాద్‌లో 14 వేలు పెట్టి కొన్న బైక్ హెల్మెట్ తెచ్చుకున్నాను. ఐఎస్ఐ, ఈసీఈ రెండు గుర్తులూ ఉన్నాయి. స్ప్రింట్‌కి పనికిరాదంటున్నారు. కారులో కూర్చునేవాడికి బైక్ హెల్మెట్ కంటే ఎక్కువ ఏం కావాలి?
— పి.ఆర్., లెస్టర్

చాలామందికి ఉన్న అనుమానమే. బైక్ వాడు పడితే రోడ్డు మీద పడతాడు, దూరంగా దొర్లుతాడు. కారులో ఉన్నవాడు ఎక్కడికీ పోడు. తల అదే స్తంభానికో రోల్‌కేజ్ (కారు బోల్తా పడినా నలగకుండా లోపల బిగించే ఇనుప చట్రం) గొట్టానికో మళ్లీ మళ్లీ కొట్టుకోవచ్చు. పైగా నిప్పంటుకుంటే బయటపడేదాకా లోపలే ఉండాలి. అందుకే స్నెల్ సంస్థ బైకులకి ‘ఎం’ అని, కార్లకి ‘ఎస్‌ఏ’ అని వేర్వేరు ప్రమాణాలు పెట్టింది. ఎస్‌ఏలో గొట్టానికి కొట్టే పరీక్ష, మంట పరీక్ష ఉంటాయి. ఎంలో ఉండవు. మీ హెల్మెట్ మంచిదే, బైక్ మీద పెట్టుకోండి.

కొనేటప్పుడు లోపలి లైనింగ్ కాస్త పక్కకి లాగి చూడండి. అక్కడ అతికించిన స్టిక్కర్ మీద ఎస్‌ఏ2020 అనో, ఎఫ్‌ఐఏ (ప్రపంచ మోటార్‌స్పోర్ట్ సంస్థ) 8859 అనో ఉండాలి. ఎస్‌ఏ2010 అని ఉన్నవాటికి ఇక్కడ కాలం చెల్లింది. చవగ్గా వస్తుందని ఆన్‌లైన్‌లో ఎవరో అమ్మే వాడిన హెల్మెట్ మాత్రం వద్దు. అది ఎక్కడ కిందపడిందో పైకి కనిపించదు. ఒప్పుకున్న హెల్మెట్‌కి స్క్రూటినీర్ (పోటీకి ముందు కారునీ సామానునీ తనిఖీ చేసే అధికారి) బయటివైపు మోటార్‌స్పోర్ట్ యూకే స్టిక్కర్ అతికిస్తారు. హెల్మెట్ మీద రంగులు, పేర్లు వేయించాలని సరదా పడకండి. కొన్ని పెయింట్లలో ఉండే ద్రావకాలు హెల్మెట్ పైపెంకుని తినేస్తాయి.

ఓవరాల్స్, అంటే ఒళ్లంతా కప్పే రేసు సూటు, కూడా అంతే. గుడ్డ నాణ్యత కంటే ముందు లేబుల్ చూడండి. ఎఫ్‌ఐఏ 8856-2000 రకానికి మెడ వెనక కాలర్ మీద అల్లిన అక్షరాలుంటాయి. 8856-2018 అయితే ఏ సంవత్సరం దాకా చెల్లుతుందో లేబుల్ మీదే ఉంటుంది. తయారైన దగ్గర్నుంచి పదేళ్లు. లోపల కాటన్ బనియనే వేసుకోండి. నైలాన్ టీషర్టు వేడికి కరిగి ఒంటికి అతుక్కుంటుంది. డబ్బు తక్కువగా ఉంటే ముందు మీ ఒంటి మీదకి ఖర్చు పెట్టండి, కారు మీదకి తర్వాత. ఎగ్జాస్ట్ పైపు మార్చేసి పాత హెల్మెట్‌తో వచ్చేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

స్క్రూటినీరింగ్ అంటేనే టెన్షన్‌గా ఉంది. అందరి ముందూ కారు పనికిరాదని పంపేస్తారేమో. వాళ్లు ఏం చూస్తారు?
— ఎం.వి., బర్మింగ్‌హామ్

ఎంఓటీ (ఇక్కడ ఏటా కార్లకి చేసే తనిఖీ) పాసయిన కారు, ఎస్‌ఆర్‌లు చదివిన మనిషి అయితే భయం అక్కర్లేదు. వాళ్లు కారు ఎంత వేగంగా పోతుందో చూడరు. ఏది ఊడిపోతుందో చూస్తారు.

బానెట్ తెరవగానే చెయ్యి ముందు బ్యాటరీ మీదకి పోతుంది. పట్టుకుని గట్టిగా ఊపుతారు. కదిలితే అక్కడే ఆగుతుంది వ్యవహారం. తర్వాత బ్యాటరీ నుంచి బాడీకి పోయే ఎర్త్ వైరు. చూడగానే పోల్చుకునేలా లేకపోతే దానికి పసుపు గుర్తు ఉండాలి. ప్రమాదం జరిగినప్పుడు పరుగెత్తుకొచ్చిన మార్షల్ (దారి పక్కన కాపలా ఉండే మనిషి) నల్ల వైర్ల గుట్టలో వెతుక్కోకుండా ఏది కోయాలో వెంటనే తెలియాలని. ఒక పసుపు ఇన్సులేషన్ టేపు చుట్ట కొని రెండు చుట్లు చుట్టండి, చాలు. ఇగ్నిషన్ ఎటు తిప్పితే ఆఫ్ అవుతుందో కూడా స్పష్టంగా రాసి ఉండాలి. ఆ తర్వాత యాక్సిలరేటర్ తొక్కి వదులుతారు, టక్కున వెనక్కి రావాలి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఆడిస్తారు, బేరింగ్ అరిగి ఉంటే చేతికి తెలుస్తుంది. పక్కల పట్టుకుని ఆడిస్తే స్టీరింగ్ జాయింట్ల సంగతి తెలుస్తుంది. కింద ఆయిల్ చుక్క ఉందేమో వంగి చూస్తారు. కారులో ఫ్లోర్ మ్యాట్లు, నీళ్ల సీసా, పిల్లల బొమ్మలు, డ్యాష్‌బోర్డు మీది వినాయకుడు, అన్నీ తీసి పాడక్‌లో (పోటీ కార్లు నిలిపే చోట) పెట్టండి. సీసా దొర్లి బ్రేక్ పెడల్ కిందకి పోతే ఎంత కొండంత నమ్మకమున్నా లాభం లేదు.

కొత్తవాళ్లకి తెలియని వస్తువు ఇంకొకటుంది, టైమింగ్ స్ట్రట్. కారు ముందు నిలువుగా బిగించే నల్లటి పట్టీ. 10 అంగుళాల పైచిలుకు ఎత్తు, 2 అంగుళాల వెడల్పు, రెండు వైపులా మెరుపు లేని నలుపు. అడుగు నేల నుంచి 200 మిల్లీమీటర్లకి మించకూడదు, పైకొస కనీసం 460 ఉండాలి. మీ టైము కొలిచే కాంతి కిరణాన్ని తెంపేది ఇదే. ఒక్కో కారు ముక్కు ఒక్కో తీరు వంపు తిరిగి ఉంటుంది కదా, అందరికీ ఒకే కొలత రావాలని పెట్టారు. అల్యూమినియం రేకు ముక్క కోసి, నల్ల స్ప్రే కొట్టి, నంబర్ ప్లేటు దగ్గర బోల్టు చేస్తే పని అయిపోతుంది. కారులో ఇంకేదీ దీనికంటే ముందుగా కిరణాన్ని తాకకూడదు.

ఈ పట్టీ వల్ల ఇంకో లాభముంది. స్టార్టు గీత దగ్గర కారు వెనక్కి జారకుండా మార్షల్ పొడుగాటి కర్ర ఉన్న చెక్క దిమ్మను వెనక చక్రం కింద పెడతారు. మీరు బ్రేకు వదిలెయ్యచ్చు. పచ్చ లైటు పడ్డా వెంటనే దూకక్కర్లేదు, గడియారం మీ పట్టీ కిరణాన్ని తెంపినప్పుడే మొదలవుతుంది. గట్టిగా ఊపిరి పీల్చుకుని మీకు కుదిరినప్పుడు బయల్దేరండి. దారిలో ఎర్ర జెండా కనిపిస్తే మాత్రం ఉన్నచోటే ఆగిపోవాలి. తప్పు మీది కాకపోతే రన్ మళ్లీ ఇస్తారు.

నా కారు ఇన్సూరెన్సు దీనికి వర్తిస్తుందా?
— డి.ఎల్.ఎన్., మిల్టన్ కీన్స్

వర్తించదు. మామూలు పాలసీల్లో పోటీల్లో వాడితే చెల్లదని రాసే ఉంటుంది, మీది తీసి చూడండి. ఈవెంట్ పర్మిట్‌తో వచ్చే బీమా బయటివాళ్లకి కలిగే నష్టానికే, మీ బంపరుకి కాదు. గుద్దితే ఖర్చు మీదే. కాబట్టి పోయినా గుండె ఆగని కారుతోనే వెళ్లండి. కారులో ఏ మార్పు చేయించినా రోడ్డు ఇన్సూరెన్సు వాళ్లకి చెప్పడం మర్చిపోవద్దు. ఇంటికి తిరిగొచ్చేది దాంట్లోనే కదా.

మేం విశాఖలో ఇంజనీరింగ్ విద్యార్థులం. అరకు ఘాట్‌లో తెల్లవారుజామున ట్రాఫిక్ ఉండదు. ఫ్రెండ్స్ పైనా కిందా ఫోన్లతో టైము చూస్తారు. ఇది కూడా హిల్‌క్లైంబే కదా?
— పేరు వద్దన్నారు, విశాఖపట్నం

కాదు తమ్ముడూ. పేరు వద్దన్నావంటేనే నీకూ సంగతి తెలుసని అర్థం. రాష్ట్ర ప్రభుత్వం రాతపూర్వకంగా ఒప్పుకోకుండా బహిరంగ స్థలంలో పందెం పెట్టడం మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం. జైలు కూడా ఉంది. అయినా నేను చెప్పేది పోలీసుల సంగతి కాదు. నాలుగున్నరకి ఆ మలుపు అవతల కాఫీ గింజల లారీయో, నడిచి సంతకెళ్లే గిరిజన మహిళో ఉండరని నీకెవరు చెప్పారు?

ఇంగ్లండులో కూడా ఒకప్పుడు ఇలాగే మామూలు రోడ్ల మీద కొండ పందేలు జరిగేవి. 1925 మార్చిలో బకింగ్‌హామ్‌షైర్‌లోని కాప్ హిల్ మీద ఒక కారు అదుపు తప్పి ప్రేక్షకుడికి కాలు విరిగింది. ఆ తర్వాత పబ్లిక్ రోడ్ల మీద పందేలకి పర్మిట్లు ఆపేశారు. షెల్స్‌లీ ప్రైవేటు స్థలం కాబట్టి బతికిపోయింది. కాలు విరిగినందుకే అంత చేశారు, ప్రాణం పోయేదాకా ఆగలేదు.

రోడ్డు మీద రేసు పెట్టాలంటే ఏం కావాలో మనవాళ్లు 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ ఎలక్ట్రిక్ కార్ల రేసు జరిగినప్పుడు చూశారు. పొడవునా కాంక్రీటు దిమ్మెలు, వాటి మీద కంచెలు. మీకు సరదా ఉంటే మన దేశంలో ఈ ఆటని చూసుకునేది ఎఫ్ఎంఎస్‌సీఐ. దాని లైసెన్సుతో జరిగే ఆటోక్రాస్‌లకి (మైదానంలో గడియారంతో జరిగే కార్ల పోటీలకి) వెళ్లండి. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై, కోయంబత్తూరు దగ్గర కారి మోటార్ స్పీడ్‌వే మీకు రైలు దూరంలోనే ఉన్నాయి. ఈసారి రాసేటప్పుడు పేరు కూడా రాయి.

మావారు హిల్‌క్లైంబ్ అని పట్టుకున్నారు. మీ శీర్షిక వల్లే అంటున్నారు. నిజం చెప్పండి, ప్రమాదమా? పిల్లలున్నారు మాకు.
— శ్రీమతి వి., స్లౌ

ప్రమాదం లేదంటే అబద్ధమేనమ్మా. ఎంట్రీ కాగితం మీదే మోటార్‌స్పోర్ట్ ప్రమాదకరమని రాసి సంతకం పెట్టించుకుంటారు. కాకపోతే ఒకసారి ఒకే కారు, మలుపుకో మార్షల్, పక్కనే రెస్క్యూ బండి, అంబులెన్సు ఉంటాయి. ఆయన రోడ్డు కారుతో, క్లాసుకి చెప్పిన టైర్లతో, పైన చెప్పిన హెల్మెట్‌తో వెళ్తే నేనైతే ఆపను. సగం ధరకి వచ్చిందని రేసు కారు కొంటానంటే మాత్రం గట్టిగా ఆపండి. ముందు ఒకరోజు ప్రెస్కాట్‌కో (అదీ ఇలాంటి పోటీల కొండే) షెల్స్‌లీకో పిల్లలతో కలిసి ఊరికే చూడ్డానికి వెళ్లండి. పాడక్‌లో కార్ల పక్కనే తిరగనిస్తారు, ఎవర్ని అడిగినా విసుక్కోకుండా చెప్తారు.

అన్నట్టు, ఒకే కారుని ఇద్దరు నడపడం ఈ ఆటలో మామూలే. భార్యాభర్తలు, తండ్రీకూతుళ్లు అలా వస్తుంటారు. ఎవరి ఎంట్రీ, ఎవరి నంబరు వాళ్లదే. షెల్స్‌లీలో 1930లలో కే పీటర్ అనే ఆవిడ మహిళల రికార్డు పెట్టింది, చూడ్డానికి అయిదడుగులు కూడా ఉండేది కాదు. మీకు లైసెన్సుంటే మీరూ ఎంట్రీ ఇవ్వండి. కొప్పు పెడితే హెల్మెట్ సరిగ్గా కూర్చోదు, జడ మెడ కిందకి వచ్చేలా అల్లుకోండి. గొలుసు, గాజులు ఇంట్లో పెట్టేయండి, చున్నీ వద్దు. కారు ఒకటే అని ఇద్దరి పేర్లూ ఎంట్రీ ఫారంలోనే రాయాలి, ఇద్దరి రన్‌ల మధ్య సీటు మార్చుకునే టైము ఇచ్చేలా వాళ్లు వరస వేస్తారు.